లోపలి గానుగ

తెనాలి,
జూన్ 9.

చిరంజీవి నీరజకు,

అక్క ఆశీస్సులు. నువ్వు ఫోన్ ఎత్తవు. వాట్సాప్‌లో పెడితే రెండు నీలం టిక్కులు పడతాయి కానీ జవాబు రాదు. మధు గృహప్రవేశంలో నేనేదో అన్నానని రెండేళ్ళుగా ఈ అలక. అంతగా ఏమన్నానే? పప్పులో రెండోసారి నెయ్యి వేయించుకుంటుంటే "ఒళ్ళంతా కొవ్వేనే నీకు" అన్నాను. అక్కను కాబట్టి అన్నాను. నలుగురూ నవ్వారు, నువ్వూ నవ్వి ఊరుకుంటావనుకున్నాను. కాగితమైతే చింపే ముందైనా చదువుతావని ఇలా రాస్తున్నాను.

విషయం మన తమ్ముడు మధుది. పొట్ట ఉబ్బింది, కాళ్ళు వాచాయి, రేపల్లెలో మందులు వాడినా తగ్గలేదు. విజయవాడ తీసుకెళ్ళాం. కాలేయం గట్టిపడి పోయిందన్నారు. "వాడు జన్మలో చుక్క ముట్టలేదండి" అంటే డాక్టర్ నాసిర్ గారు, "తాగనివాళ్ళకూ వస్తుందమ్మా. కాలేయానికి కొవ్వు పట్టి ఏళ్ళ తరబడి ముదిరితే చివరికి ఇదే అవుతుంది" అన్నారు. అయినా వాడి ఎరువుల కొట్టు దగ్గర జనం గుసగుసలు మానలేదు. చాటుగా తాగేవాడట! మరదలు శ్రావ్య ఆ మాట విని మూడు రోజులు అన్నం ముట్టలేదు.

కాలేయం మార్చడం తప్ప దారి లేదన్నారు. బతికున్న మనిషిలోంచి ముక్క తీసి పెడతారు. ఇచ్చినవాళ్ళకు కొన్నాళ్ళకు మళ్ళీ పెరుగుతుందట. శ్రావ్య బ్లడ్ గ్రూపు కలవలేదు. మన ముగ్గురిదీ ఒకటే గ్రూపు కదా, నేనిస్తున్నాను. అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, నాకు పద్నాలుగు. వాడి పాలపళ్ళు ఊడినప్పుడు కూడా నా కొంగు పట్టుకునే ఏడ్చాడు. ఇంకొకరు ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

నువ్వు హడావుడి పడి రానక్కర్లేదు. నీ ఒంటికి ఈ ఆపరేషన్లవీ పనికిరావు. నాదంటావా, ఎనిమిదేళ్ళుగా నూనె చుక్క ఎరగని ఒళ్ళు. పరీక్షలు మాటవరసకే.

ఆశీస్సులతో,
చంద్రకళ


బాపట్ల,
జూన్ 16.

అక్కకు,

నీ ఉత్తరం చింపలేదు. నాలుగుసార్లు చదివాను. మొదటిసారి మధు కోసం ఏడ్చాను, రెండోసారి వాడి సంగతి నాకు వారం ఆలస్యంగా తెలిసినందుకు ఏడ్చాను. మిగతా రెండుసార్లు నీ మీద కుళ్ళుతో చదివాను. దాచడం దేనికి, ఉన్నమాట రాస్తున్నాను.

వాడికి జ్వరమొస్తే నీకు తెలుస్తుంది, వాడు కొట్టు పెడితే నీకు తెలుస్తుంది. నాకు మాత్రం ఆలస్యమైన శుభలేఖలాగా అన్నీ అయ్యాక పోస్టులో వస్తాయి. నాలుగేళ్ళవాణ్ణి నువ్వు పెంచావు, కాదనను. ఆ రోజు ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్ల కూడా ఒకతి ఉంది. దాన్నెవరు పెంచారక్కా? వాడికి నువ్వు జడ వేసినంత శ్రద్ధగా తల దువ్వుతుంటే గుమ్మంలో చిక్కుజుట్టుతో నిలబడి చూసేదాన్ని. నాన్న జంపని మిల్లుకు చెరకు బండ్లతో వెళ్తే వారానికి గానీ వచ్చేవాడు కాదు.

నాకు పనికిరాని ఒళ్ళని నువ్వే తేల్చేశావు. డాక్టరు పరీక్ష కూడా అక్కర్లేదు. సరే, నువ్వే ఇచ్చెయ్. చిన్నప్పటి నుంచీ వాడికి అన్నీ నువ్వే ఇచ్చావు, ఇదొక్కటీ నాకెందుకు మిగలనిస్తావు?

వాణ్ణి చూడ్డానికి మాత్రం వస్తాను. దానికి నీ అనుమతి అడగడం లేదు.

నీరజ


తెనాలి,
జూలై 11.

నీరజకు,

వచ్చావట. నేను లేని రోజు చూసుకుని రేపల్లె వెళ్ళావట. ఉప్పు తగ్గించి కొరమీను పులుసు వండి తీసుకెళ్ళావట. వాడు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడని శ్రావ్య ఫోన్లో మురిసిపోతూ చెప్పింది. నేను ముందురోజు రైల్లో ఒళ్ళో పెట్టుకుని మోసుకెళ్ళిన రాగిజావ ఫ్రిజ్‌లో అలాగే ఉందట. మంచిది. నోటికి రుచైనవి తెచ్చిపెట్టేవాళ్ళంటే ఎవరికి ఇష్టం ఉండదు? వాడి మంచి కోరి చప్పిడివి పెట్టేదాన్ని నేనే అయ్యాను.

నా పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. గుండె బాగుంది, కిడ్నీలు బాగున్నాయి. ఒక చిన్న విషయం ఉంది, రక్తం కాస్త తక్కువో ఏదో. ఆరు వారాలాగి మళ్ళీ చూస్తామన్నారు. కంగారు పడాల్సిందేం లేదు. నువ్వు శ్రావ్యను ఆరాలు తీయొద్దు.

ఈ ఆరు వారాలూ ఒళ్ళు శుద్ధి చేసుకుంటున్నాను. నూనె, నెయ్యి ఎటూ లేవు. ఇప్పుడు చేపలు, గుడ్లు, వేరుశనగలు కూడా మానేశాను. పొద్దున్నే తేనె నిమ్మరసం, పదకొండింటికి పెద్ద గ్లాసు బత్తాయి రసం, మధ్యాహ్నం మెత్తగా అన్నం, చారు, సాయంత్రం బెల్లం వేసిన జావ. పంచదార కూడా మానేశాను, అంతా జంపని బెల్లమే. శనివారం ఒంటిపూట ఉండి అటుకులు, అరటిపళ్ళు. మా కాలనీలో నూనె లేని వంట గ్రూపులో నలభై ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఇదంతా చూసి "మీ తమ్ముడు అదృష్టవంతుడండి" అంటున్నారు.

మొన్న మధు నా చెయ్యి పట్టుకుని "నీ ఋణం ఎలా తీర్చుకోను పెద్దక్కా" అన్నాడు. ఈ మాట నీకు తెలియాలని రాస్తున్నాను.

చంద్రకళ


బాపట్ల,
జూలై 24.

అక్కా,

నీకు తక్కువైంది రక్తం కాదు. ఎక్కువైంది కొవ్వు. పద్దెనిమిది శాతం.

నేను ఆరా తీయలేదు. శ్రావ్యే భయపడి ఫోన్ చేసింది. పది శాతం దాటితే ఇవ్వనివ్వరట, ఆరు వారాల్లో తగ్గకపోతే మధు గతేంటని ఏడ్చింది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఈ ఉత్తరంతో ఆ ఒట్టు తప్పాను.

శ్రావ్య ఫోన్ పెట్టేయగానే కాలేజీ లైబ్రరీలో నాలుగు రోజులు సెలవు పెట్టి విజయవాడ వెళ్ళాను. మా ఆయన తోడొచ్చారు. అన్ని పరీక్షలూ చేశారు. బరువు కొంచెం ఎక్కువే గానీ ఫర్వాలేదన్నారు. నా కాలేయంలో కొవ్వు మూడు శాతం. "చాలా శుభ్రంగా ఉందమ్మా" అన్నారు నాసిర్ గారు.

ఆ మాట వినగానే ముందుగా నాకు మధు గుర్తుకు రాలేదు. నువ్వు గుర్తొచ్చావు. బస్సులో ఆడవాళ్ళ సీట్లో కిటికీ పక్కన కూర్చుని బాపట్ల వచ్చేదాకా నవ్వుకున్నాను. పక్కన కూర్చున్నావిడ "ఇంట్లో ఎవరికైనా పెళ్ళి సంబంధం కుదిరిందా అమ్మా" అని అడిగింది. తమ్ముడు చావుబతుకుల్లో ఉంటే ఈ నవ్వేమిటని తర్వాత సిగ్గేసింది. కానీ ఆ నవ్వు మాత్రం అబద్ధం కాదు.

ఇప్పుడు చెప్పక్కా, ఒళ్ళంతా కొవ్వు ఎవరికే?

నీరజ


తెనాలి,
ఆగస్టు 25.

నీరజా,

నెల రోజులు నీకు జవాబు రాయలేదు. రాస్తే ఏం రాసేదాన్నో నాకే తెలియదు. నిన్న మళ్ళీ స్కాన్ తీశారు. ఇరవై ఒకటి.

తగ్గలేదు సరికదా పెరిగింది. ఆరు వారాలు నోరు కట్టేసుకున్నాను. నాలుగు కిలోలు పెరిగాను కూడా. రోజూ నెయ్యి వేసుకునే నీ లోపల శుభ్రంగా ఉండటమేంటి, నా లోపల ఇలా ఉండటమేంటి? ఏ దేవుడికి ఏం తక్కువ చేశాను? చీరకొంగులోంచి ఎముకలు కనిపించే మనిషిని నేను. చిన్నప్పటి నుంచీ బావలందరూ నిన్ను బొద్దుపాప అంటుంటే నవ్వేదాన్ని. ఇప్పుడు నా సన్నదనమంతా ఒట్టి పైపై మెరుగని మిషను చెప్తోంది. నీ మీద నాకు ఇంత కడుపుమంట ఎప్పుడూ లేదు. నీ పెళ్ళిలో నాన్న నీకు అమ్మ గాజులిచ్చినప్పుడు కూడా లేదు.

అక్కడ షహనాజ్ అని డైటీషియన్ అమ్మాయి ఉంది. ఏం తింటున్నానో రాసివ్వమంది. రాసిచ్చాను. చదివి, "మేడమ్, మీరు నూనె మానేశారు గానీ కొవ్వు మానలేదండి" అంది. అదెలా అన్నాను. ఏదో చెప్పబోయింది. నా కూతురు వయసు పిల్ల నాకు తిండి గురించి చెప్పడమేంటని లేచి వచ్చేశాను.

ఒక్కటి అడుగుతాను. జన్మలో నిన్ను ఏదీ అడగలేదు. నువ్వు తప్పుకో. నీకు భయంగా ఉందని చెప్పు, మీ ఆయన వద్దన్నాడని చెప్పు, ఏదైనా చెప్పు. నాకు ఇంకో రెండు నెలల గడువు దొరుకుతుంది, ఈలోగా తగ్గిస్తాను. వాణ్ణి పెంచింది నేను. కాపాడింది మరొకరైతే నేను ఆ ఇంట్లోకి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?

అక్క


బాపట్ల,
సెప్టెంబరు 1.

అక్కకు,

తప్పుకోను. నిన్న నాసిర్ గారికి ఫోన్ చేసి నేరుగా అడిగాను. మధుకు రెండు నెలల వ్యవధి లేదన్నారు. ఈ నెల పద్దెనిమిదిన ఆపరేషన్. నాకు నీ మీద కుళ్ళు ఉన్నా, వాడి ప్రాణం అడ్డం పెట్టి పంతాలు ఆడలేను. నువ్వూ ఆడవని తెలుసు. రాసేటప్పుడు నీకు ఒళ్ళు తెలిసి ఉండదు.

షహనాజ్ చెప్పబోయింది ఏంటో నేను చెప్తాను. మనం తిన్న అన్నం, బెల్లం, పళ్ళరసం ఒంటికి కావలసినంత వాడుకోగా మిగిలినదాన్ని కాలేయం ఊరికే వదిలెయ్యదు, కొవ్వుగా మార్చేస్తుంది. దానికి నూనె అక్కర్లేదు. తీపి చాలు. అందులోనూ తేనెలో, బెల్లంలో, పళ్ళరసంలో ఉండే తీపిలో సగం దాకా నేరుగా కాలేయానికే చేరి తొందరగా కొవ్వవుతుంది. రోజంతా ఏదో ఒక తీపి పడుతుంటే ఒంట్లో ఇన్సులిన్ దిగదు, అది దిగనంతసేపూ కాలేయాన్ని చెయ్యి చెయ్యి అని తొందరపెడుతూనే ఉంటుంది. అందరిలోనూ కాలేయం ఈ పని కొంచెం చేస్తుంది. కొవ్వు పట్టిన కాలేయంలో అయితే పోగైనదాంట్లో నాలుగోవంతు దాకా అది సొంతంగా చేసుకున్నదే ఉంటుందట. ఎక్కువభాగం ఒంట్లోని కొవ్వు కరిగి వచ్చి చేరేది. తిన్న నూనె, నెయ్యి వాటా అన్నిటికన్నా తక్కువ. నువ్వు బజార్లో నూనె కొనడం మానేసి లోపల గానుగ పెట్టుకున్నావక్కా. దానికి రోజుకు నాలుగుసార్లు నువ్వే గింజలు పోస్తున్నావు. చేపలు, గుడ్లు మానేసి ఆ ఖాళీ కూడా బత్తాయి రసంతో నింపావు, అందుకే పెరిగింది. సన్నగా ఉన్నవాళ్ళకూ ఇది వస్తుంది.

ఇదంతా నాకెలా తెలుసని అడుగుతావు. ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది.

ఆరేళ్ళ క్రితం కడుపులో నొప్పొస్తే స్కాన్ తీశారు. రాళ్ళు లేవు, కాలేయానికి కొవ్వు పట్టిందన్నారు. నీకు తెలిస్తే ఊరంతా చెప్పి నవ్వుతావని ఎవరికీ చెప్పలేదు. గుంటూరులో ఒక డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి పైన రాసిందంతా చెప్పారు. టీలో పంచదార మానేశాను, రసాలు మానేశాను, అన్నం సగం చేసి పప్పు, ఆకుకూర, చేపలు పెంచాను. రోజూ సాయంత్రం గంటసేపు నడిచాను. ఎనిమిది కిలోలు తగ్గాను. నీ కంటికి అప్పటికీ లావుగానే కనిపించాను. ఏడాదిన్నరకు కాలేయం శుభ్రపడింది.

అప్పటి నుంచీ నువ్వు తేనె నిమ్మరసం కలుపుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. చెరకురసం కాలేయానికి అమృతమని నీ గ్రూపులో పెట్టి నువ్వు నాకూ పంపిన మెసేజీలు చదివాను. నీకు తెలియనిది నాకు ఒక్కటి తెలుసు. అది నా దగ్గరే ఉంచుకోవాలనిపించింది. జీవితంలో నీకన్నా ఎక్కువ నా దగ్గర ఉన్నది అదొక్కటే.

ఇంకా ఉంది. గృహప్రవేశం రోజు మధు నన్ను పక్కకు పిలిచి, "చిన్నక్కా, స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అన్నారు. పెద్దక్క నూనె మాన్పించి జావ, చెరకురసం పంపుతోంది" అన్నాడు. వాడికి చెప్పాలని నోరు తెరిచాను. భోజనాలకు పిలుపొచ్చింది. తింటూ చెబుదామని వాడి పక్కనే కూర్చున్నాను. అప్పుడే నువ్వు ఆ మాట అన్నావు. అందరూ నవ్వారు. మధు కూడా నవ్వాడు. వాడి ముఖంలోకి చూశాను, నోరు మూసుకున్నాను. పెద్దక్క మాట వింటున్నావుగా, విను అనుకున్నాను.

అప్పటికే ముదిరి ఉంటుందనీ, వాడి షుగరు జబ్బు కూడా కారణమనీ, ఒక్క జావతో ఇంత కాదనీ నాసిర్ గారు అన్నారు. పరీక్షలకు వెళ్ళినప్పుడే అడిగాను. ఆ రోజు చెప్పి ఉంటే ఆగేదా అని కూడా అడిగాను. "చెప్పలేమమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటతో నెల రోజులుగా బతుకుతున్నాను.

నేను ఇవ్వాలనుకుంటున్నది ప్రేమతోనే. కానీ ప్రేమ ఒక్కదానితోనే కాదు.

నీరజ


తెనాలి,
సెప్టెంబరు 7.

నీరజకు,

నీ ఉత్తరం అందింది.

అయితే వాడికి నేనే పెట్టాను. ప్రతి ఆదివారం రేపల్లె రైలెక్కి, వాడు వద్దన్నా కూర్చుని తాగించి, గ్లాసు ఖాళీ అయిందో లేదో చూసి మరీ వచ్చేదాన్ని. నీకు తెలిసీ చూస్తూ ఊరుకున్నావు. నిన్ను ఏమనాలో నాలుగు రోజులుగా వెతుక్కుంటున్నాను. తిట్టు దొరకడం లేదు. దొరికినవన్నీ నాకే తగులుతున్నాయి.

ఒకటి ఒప్పుకుంటాను. నువ్వు ఆ రోజు చెప్పినా నేను వినేదాన్ని కాదు. "దీనికి కుళ్ళు, నన్ను తప్పుపట్టాలని చూస్తోంది" అని వాడికి నూరిపోసేదాన్ని. వాడు నా మాటే వినేవాడు. అలాగని నిన్ను క్షమించానని అనుకోకు. నీ అంతట నువ్వు వాడికొక్కడికైనా చెప్పాల్సింది.

షహనాజ్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి కూర్చుని విన్నాను. వాడికి ఇవ్వడానికి కాదు, నా లోపలిది కూడా అదే దారి పట్టకుండా. గ్రూపులో నలభై ఇద్దరికీ నేను చెప్పింది తప్పని రాశాను. నా అంకెలు కూడా పెట్టాను. పదకొండుమంది గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఒకావిడ, "మీ చెల్లెలు చెప్పిందా ఇదంతా? మీరంటే ఆవిడకు ఓర్వలేనితనం కదండి" అని రాసింది. అవునని రాశాను. నాకూ అంతేనని రాశాను.

పద్దెనిమిదిన వస్తాను. నీ కోసం కాదు.

చంద్రకళ


విజయవాడ, ఆసుపత్రి,
సెప్టెంబరు 18.

నీరూ,

నువ్వు లోపలున్నావు. దీన్ని నీకు మెలకువ వచ్చాక ఇస్తాను. పొద్దున ఏడింటికి నిన్ను తీసుకెళ్ళారు, మధును ఆ తర్వాత. ఇప్పుడు ఒంటిగంట దాటింది. ఇక్కడ ఇనుప కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది, అందుకే ఈ కాగితం అడిగి తెచ్చుకున్నాను.

కుళ్ళు చచ్చిందనుకోకు. నిన్ను స్ట్రెచర్ మీద తోసుకెళ్తుంటే మధు చెయ్యి చాపి నీ చెయ్యి పట్టుకున్నాడు. "చిన్నక్కా" అన్నాడు. నేను ఆ పక్కనే నిలబడ్డాను, నా వైపు చూడలేదు. ఆ క్షణాన నీ చోట ఉండటానికి ఏమైనా ఇచ్చేసేదాన్ని. నీ కోత, నీ నొప్పి, అన్నీ నాకు కావాలనిపించాయి. ఎంత సిగ్గులేని మనిషినో చూడు.

శ్రావ్య కన్సల్టింగ్ రూం బయట కూర్చుంది. మీ ఆయన రక్తం ఇవ్వడానికి కింది అంతస్తుకు వెళ్ళాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. కళ్ళు మూసుకుని మొక్కుకుంటూ కూర్చున్నాను. వాడు లేవాలి, వాడు తినాలి, వాడు మళ్ళీ కొట్టు తెరవాలి. ఒక గంట అలా గడిచింది.

ఇంతలో తలుపు తెరుచుకుని నర్సు వచ్చి, "నీరజ తాలూకు ఎవరండీ?" అని పిలిచింది.

నేను అటూ ఇటూ చూశాను. ఎవరు లేస్తారా అని చూశానే! నీ తాలూకు మనుషులెవరో వేరే ఉంటారన్నట్టు చూశాను. ఆమె మళ్ళీ పిలిచింది. అప్పుడు తెలిసింది, గంట నుంచీ మొక్కుకున్న మొక్కులో నీ పేరు ఒక్కసారి కూడా లేదు. లోపల కోయించుకుంటున్నది ఇద్దరైతే నాకు ఒక్కడే కనిపించాడు. అమ్మ పోయిన రోజు నుంచీ అంతే కదా. గుమ్మంలో నువ్వు నిలబడి ఉన్న సంగతి నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు.

లేచాను. "నేనేనండీ, వాళ్ళ అక్కను" అన్నాను. నీ ముక్క తీయడం అయిందట, కుట్లు వేస్తున్నారట, బాగానే ఉన్నావట. ఆ మాట చెప్పడానికే పిలిచింది. సంతకం పెట్టమంది. పెట్టాను. పేషెంటుకు ఏమవుతారో రాయమంది. అక్క అని రాశాను.

మధు ఇంకా లోపలే ఉన్నాడు. వాడి సంగతి శ్రావ్య చూసుకుంటుంది. నేను నీ తలుపు దగ్గర కూర్చున్నాను.

నీ అక్క